గొలుసు వ్యాపారము – సత్యశుద్ధ కాయకము

రాజాము, బొబ్బిలి, పాలకొండ ప్రాంతముల వీరశైవ గృహస్థులలో కొందరికి ఒక సందేహము కలుగుచున్నది. చేయుచున్న చిన్న ఉద్యోగమును మాని, వస్తువులను ఇంటింటికిని నేరుగా అమ్మించు కంపెనీలలో చేరవచ్చునా? జనపనార మిల్లులు మూతపడిన ఊళ్ళలో, ఏటేట విశాఖకో హైదరాబాదుకో వలసపోవు కుటుంబములలో, ఇది తేలికగా కొట్టివేయదగిన ప్రశ్న కాదు. కన్నవారిని విడువక, ఉన్న ఊరు విడువక నాలుగు రూకలు గడించు దారి కనబడినపుడు మనస్సు అటు మొగ్గుట సహజము. దానిని దురాశ యని తీసివేయుట పెద్దల తొందరపాటే యగును.

అమ్మకము పాపమని శరణులెన్నడును చెప్పలేదు. బసవేశ్వరుడు బిజ్జలుని కొలువులో భండారి. ధనము, లెక్కలు ఆయన నిత్యము చూచిన పనులే. నులియ చందయ్య గడ్డి పేని త్రాళ్ళు చేసి, అమ్మి, ఆ రాబడితో జంగమ దాసోహము నడపెను. మేదర కేతయ్య వెదురుబుట్టలల్లి అమ్మెను. అంత దూరమేల? పొందూరులో వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి సన్నని నూలు వడకు స్త్రీలు గలరు. ఆ నూలు వస్త్రమై ఎవరో ఒకరు కొన్ననే గదా వారి పొయ్యి రాజుకొనుట! వస్తువు మంచిదై, ధర న్యాయమై, కొన్నవానికి పనికివచ్చునదైనచో గంప నెత్తిన బెట్టుకొని తిరుగుటయు కాయకమే.

చిక్కు మరియొకచోట నున్నది. ఈ కంపెనీలలో చేరినవానికి రెండు దారుల ఆదాయము చూపుదురు. సబ్బో, పొడియో అమ్మినపుడు మిగులు లాభము మొదటిది. తాను చేర్పించినవారు, వారు చేర్పించినవారు చేయు కొనుగోళ్ళపై వచ్చునది రెండవది. సభలలో చప్పట్లు మ్రోగునది రెండవదానికే. మొదటిదాని మాట అక్కడ ఎవరును ఎత్తరు.

ఆ రెండవదానిని కాగితముపై వేసి చూడవలెను. ఒక్కొక్కరు ఆరుగురిని చేర్పింపవలె ననుకొందము. ఆరు, 36, 216, 1,296, 7,776, 46,656 – ఇంతవరకు ఆరు మెట్లు. ఎనిమిదవ మెట్టున 16 లక్షలు దాటును. తొమ్మిదవ మెట్టున కోటి దాటును. 2011 జనాభా లెక్కలనాటి శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలు రెండింటను కలిపి, చంటిబిడ్డలతో సహా, ఉన్నవారు సుమారు 50 లక్షలు! కనుక క్రింది మెట్టున నిలిచినవారికి చేర్పించుటకు మనుష్యులే దొరకరు. ఏ మెట్టున ఆగినను అందరికన్న ఎక్కువమంది ఉండునది ఆ చివరి వరుసలోనే. పైవాడు తెలివిగలవాడై, క్రిందివాడు సోమరియై యిట్లు జరుగుట లేదు, లెక్కయే అట్టిది. నష్టపోయినవానిని పట్టుదల లేదని నిందించుట రెండవ అన్యాయము.

చట్టము కూడ దీనిని గమనించినది. ధన పంపిణీ పథకములను నిషేధించు చట్టము 1978లో వచ్చినది. ఆమ్‌వే కంపెనీ వ్యాజ్యములో 2007లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ కంపెనీ పద్ధతి ఈ చట్టము పరిధిలోనికి వచ్చునని అభిప్రాయపడినది. 2021 డిసెంబరులో కేంద్రప్రభుత్వము నేరు అమ్మకములకు ప్రత్యేక నియమములు చేసి, పిరమిడ్ పథకములను నిషేధించినది. అమ్మువాడు గుర్తింపు కార్డు లేక, ముందుగా అనుమతి పొందక కొనువాని యింటికి పోరాదని విధించినది. నియమములు పాటించు వ్యాపారమునకు చోటున్నది. అయినను చట్టము ఒప్పిన దంతయు సదాచారము కాజాలదు.

దాసోహములో ధనము ఉన్నవాని నుండి లేనివాని వైపు ప్రవహించును. గొలుసులో అది క్రిందినుండి పైకి ఎక్కును. ఇంటి వాకిట నిలుచు జంగముని కాళ్ళు కడిగి లోనికి పిలుచు ఆచారము గలవారికి, అదే వాకిట మేనల్లుడు కాగితములు పట్టుకొని నిలుచుట ఎట్లుండును? కాదనలేక సంతకము చేయుదురు. బంధుత్వమే అక్కడ పెట్టుబడి. లింగధారణ జరుగు ఇంట, మఠపు ఉత్సవమున ప్రక్కన కూర్చున్నవానిని శరణునిగా గాక తన డౌన్‌లైనుగా చూచు దృష్టి అలవడినచో, ఆ నష్టమును ఏ కమీషను పూడ్చును? మఠాధిపతులు ఇట్టి సమావేశములకు మఠము అరుగు నీయకుండుట మేలు.

కల్యాణములో ఆయ్దక్కి మారయ్య రాలిన బియ్యపు గింజల నేరి తెచ్చుట కాయకముగా గలవాడు. ఒకనాడు నిత్యము తెచ్చుదానికన్న ఎక్కువ తెచ్చెను. అతని యిల్లాలు లక్కమ్మ సంతోషింపలేదు. ఆనాటి దాసోహమునకు చాలినంత గాక మిగిలినది తమది కాదని, తెచ్చిన చోటనే పోసి రమ్మని పంపెను. పేదరాలైన ఆమె అడిగినది ఒక్కటే: ఈ ఎక్కువ ఎక్కడిది?

కంపెనీలో చేరదలచిన గృహస్థుడు ఉద్యోగము మానక, సెలవుదినములలో ఆరు నెలలు ఆ పని చేసి చూడవచ్చును. ఒక పుస్తకమున మూడు పద్దులు వ్రాసికొనవలెను. బయటివారు తమ అవసరమునకు కొన్నదానిపై వచ్చిన లాభ మెంత? తాను చేర్పించినవారి మూలమున వచ్చిన దెంత? తన డబ్బుతో కొని అటకపై పెట్టిన సరకు విలువ ఎంత? ఆ పుస్తకమును ఇల్లాలి చేతికిచ్చి, లక్కమ్మ అడిగిన ప్రశ్ననే అడుగనీయవలెను. రాజీనామా వ్రాయుట, మానుట ఆ పిమ్మట ఇరువురును కూర్చుండి నిశ్చయించుకొనవచ్చును.