మీటరు బట్ట, ఏడు ముక్కలు

వరంగల్‌లో ఒక దర్జీ ఉండేవాడు. తల్లి, భార్య, రెండో తరగతి చదివే కూతురు, ఒక కుట్టుమిషను. అదే అతని లోకం. డెబ్బై ఏళ్ళు దాటిన తల్లి ఎన్నడూ సముద్రం చూడలేదు. ఒకరోజు మనవరాలి పుస్తకంలో బొమ్మ మీద వేలు పెట్టి, "గిన్ని నీళ్ళు ఒక్కతాననే ఉంటయా బిడ్డా?" అని అడిగింది. ఆ మాట దర్జీ మనసులో పడిపోయింది. ఆనాటి నుంచి రోజూ కొంత తీసి డబ్బాలో వేస్తూ, ఏడాది తిరిగేసరికి 9,000 రూపాయలు కూడబెట్టాడు.

సంక్రాంతి కుట్టుపని అయిపోయింది. పుష్యమాసం, పెళ్ళి ముహూర్తాలు లేవు. రెండు రోజులు దుకాణం మూసినా అడిగేవాళ్ళుండరు. బాపట్ల దగ్గరి సూర్యలంకకు పోదామని ఇంట్లో చెప్పాడు.

సంగతి వీధిలో పొక్కింది. "అంత దూరం పోయి బెజవాడ దుర్గమ్మను చూడకుండ వస్తవా?" అన్నాడు ఇస్త్రీబండి అతను. మంగళగిరి పానకాలస్వామిని మరువద్దంది పక్కింటావిడ. ఒకరు అమరావతి అన్నారు, ఇంకొకరు కోటప్పకొండ. చీరాల వాడరేవు ఎట్లాగూ పక్కనేగా అన్నారు. కృష్ణమ్మ సముద్రంలో కలిసే హంసలదీవి చూస్తే పుణ్యమన్నారు. దర్జీ ఎవరి మాటా కాదనలేదు. అన్నీ కాగితం మీద రాసుకున్నాడు. ఏడు ఊళ్ళు తేలాయి. అన్నీ తిరగాలంటే కారు మాట్లాడుకోక తప్పదు. డబ్బాలోని సొమ్ములో సగానికి పైగా కారుకే పోతుంది.

రాత్రి అన్నాలయ్యాక కాగితం చదివి వినిపించాడు. తల్లి చివరిదాకా విని, "సముద్రం కాడ ఎంతసేపుంటం?" అంది.

"రెండోరోజు, అవ్వా. పదకొండున్నర నుంచి ఒంటిగంట దాకా."

ఆమె లేచి వెళ్ళి దుకాణంలోంచి మీటరు బట్ట ఒకటి తెచ్చి కొడుకు ముందు పెట్టింది. "దీన్ని ఏడు ముక్కలు చెయ్. మళ్ళ అన్నీ కలిపి కుట్టు."

తల్లి మాట కదా అని కత్తిరించాడు, కుట్టాడు. టేపు పెట్టి కొలవమంది. ముప్పై తొమ్మిది అంగుళాల బట్ట ముప్పైమూడుకు వచ్చింది.

"ఆరంగుళాలు ఎటు పాయెరా?"

"కుట్లల్ల పాయె, అవ్వా."

జవాబు తన నోటినుంచే వచ్చేసరికి దర్జీకి ఇంకెవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. కాగితం మీద ఆరు పేర్లు కొట్టేశాడు.

మంగళవారం బయల్దేరారు. విజయవాడలో రైలు మారి మధ్యాహ్నానికి బాపట్లలో దిగారు. అక్కణ్ణుంచి తొమ్మిది కిలోమీటర్లు ఆటో. ఆదివారం కాదు గనక ఒడ్డు మీద జనం పలచగా ఉన్నారు, గది చవకగా దొరికింది. సూర్యుడు సముద్రంలో మునుగుతాడని దర్జీ కూతురికి దారి పొడుగునా చెప్పుకొచ్చాడు. తీరా చూస్తే పొద్దు వాళ్ళ వీపు వెనక, సరుగుడు తోటల్లోకి దిగిపోయింది. పిల్ల మొహం చిన్నబోయింది.

పక్కన వల బాగుచేసుకుంటున్న ముసలి బెస్తవాడు అది చూశాడు. "ఇది తూరుపు ఒడ్డు పాపా, పొద్దు ఇక్కడ పుడతాది. తెల్లారగట్ట లేచి రా" అన్నాడు. తర్వాత దర్జీ వైపు తిరిగి, "మోకాలి లోతు దాటమాకండి బాబూ. అటూ ఇటూ అలలు విరుగుతుంటే మధ్యలో నున్నగా, నెమ్మదిగా ఓ పాయ కనబడుద్ది. మంచిచోటని అక్కడ దిగమాకండి. లోపలికి లాక్కుపోయేది అదే" అని హెచ్చరించాడు.

మర్నాడు చీకటితోనే నలుగురూ ఒడ్డుకు వచ్చారు. రాత్రి గుడ్లు పెట్టి వెళ్ళిన తాబేలు జాడ ఇసుకలో ఇంకా చెరగలేదు. ముసలమ్మ తడి ఇసుకలో కాళ్ళు చాపుకుని కూర్చుంది. నీళ్ళమీద ఎర్రటి అంచు కనిపించింది, పెరిగింది, గుండ్రమైంది. వేటకు పోయిన పడవలు ఒక్కొక్కటే తిరిగి వచ్చాయి. ఆమె దోసిట నీళ్ళు తీసుకుని నాలుక మీద వేసుకుంది. కొడుకు లెమ్మనలేదు. పోవాల్సిన ఊరేదీ లేదు. ఎండ చురుక్కుమనేదాకా ఆమె అక్కడే ఉంది. లేచేముందు ఒక సీసా నిండా సముద్రపు నీళ్ళు పట్టుకుంది, పక్కింటావిడ కోసం.

ఇంటికొచ్చాక చూస్తే డబ్బాలో మూడోవంతు సొమ్ము అలాగే ఉంది.

నీతి: తక్కువ బట్టకు ఎక్కువ అతుకులు పనికిరావు.

రెండు మూడు రోజుల సెలవుకు మనం ముందు డబ్బు లెక్క చూస్తాం, గంటల లెక్క చూడం. ఒక ఊరు కలిపామంటే సామాన్లు సర్దడం, గది ఖాళీ చేయడం, ఆటో బేరం, దర్శనం వరుస, భోజనం కోసం ఎదురుచూపు, అన్నీ కలుస్తాయి. సమయమూ సొమ్మూ పోయేది ఆ అతుకుల్లోనే. ఇసుకకూ అలలకూ ఎవరూ డబ్బడగరు. దుర్గమ్మా, హంసలదీవీ చూడదగ్గవే, అందులో నాకు అనుమానం లేదు. వాటికి వేరే ప్రయాణం కట్టుకోవడమే వాటికిచ్చే మర్యాద.

దర్జీ వెళ్ళిన కాలం కూడా గుర్తుపెట్టుకోవాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరానికి తుపాను భయం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను తీరం దాటింది ఈ బాపట్ల దగ్గరే. కార్తీకంలో సముద్రస్నానాల రద్దీ. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేటకు నిషేధం గనక ఒడ్డున పడవల సందడి తక్కువ, పైగా మండే ఎండలు. సంక్రాంతి దాటిన జనవరి, ఫిబ్రవరి నెలలే ఒంటికీ పర్సుకూ హాయి. రైలు రిజర్వేషను 60 రోజుల ముందు తెరుస్తారు, ఆ వారంలోనే టికెట్లు తీసుకుంటే మేలు. వీలైతే వారం మధ్యలో వెళ్ళాలి. సూర్యలంకే కానక్కర్లేదు. విశాఖ వాళ్ళకు భీమిలి ఉంది, కాకినాడ వాళ్ళకు ఉప్పాడ, నెల్లూరు వాళ్ళకు మైపాడు. దగ్గరున్న ఒక్క ఒడ్డు చాలు.

మీ ఇంట్లో సముద్రం చూడని పెద్దవాళ్ళుంటే ఈ ఏడాది తీసుకెళ్ళండి. ఒక తెల్లవారుజామును మాత్రం ముక్కలు చేయకుండా వాళ్ళకు వదిలేయండి.