వస్త్రములకు కావలియున్నవాడు

ధ్యానభాగము: అపొ. కార్యములు 7:54–60, 22:17–21



స్తెఫనును రాళ్లతో కొట్టిన దినమున సౌలను యౌవనుడు ఒక్క రాయియైనను విసరెనని లేఖనము చెప్పుట లేదు. కొట్టువారు తమ వస్త్రములను అతని పాదములయొద్ద పెట్టిరి; అతడు వాటికి కావలియుండెను. అయినను అనేక సంవత్సరములైన తరువాత యెరూషలేములో మాటలాడుచు పౌలు ఆ దినమును మరువలేదు. తానును దగ్గర నిలిచి సమ్మతించితినని అందరియెదుట ఒప్పుకొనెను. చేయి ఎత్తనివానికిని ఆ రక్తములో పాలున్నదని అతడెరిగెను.

నేడు మన పిల్లల చేతులలో రాయి లేదు, సెల్‌ఫోను ఉన్నది. ఆరాధనలో పాట పాడుచు ఒక చిన్నది స్వరము తప్పినదనుకొనుడి. ఎవడో దానిని వీడియో తీసి, ఎగతాళి మాట చేర్చి, వాట్సాప్ గ్రూపులో పెట్టును. తీసినవాడు ఒక్కడే, ఇతరులకు పంపినవారు 20 మంది, చూచి నవ్వినది ఊరంతయు. పూర్వము బావియొద్ద ఎవరేమన్నను, ఇంటికి వచ్చి తలుపు వేసికొనిన పిల్లకు ఆశ్రయము దొరికెడిది. ఇప్పుడా మాట ఆమె తలగడ క్రిందనే యుండి రాత్రియంతయు మ్రోగుచున్నది. బడికి పోననుట, అన్నము ముట్టకుండుట చూచి మొండితనమని మనము దండించుచున్నాము. ఇట్టి దుఃఖముచేత ప్రాణము తీసికొనిన పిల్లలును కలరు.

పెద్దలమైన మనము ఆ వీడియో చూచి నవ్వి, ప్రక్కవానికి చూపిన యెడల, మనమును వస్త్రములకు కావలియున్నవారమే.

కాబట్టి ఏమి చేయుదము? మొదట, గాయపడిన బిడ్డ నోరు విప్పినప్పుడు ఫోను లాగికొనవద్దు. లాగికొందురను భయముచేతనే అనేకులు చెప్పుకొనరు. ప్రక్కన కూర్చుండి, నీ తప్పు కాదని చెప్పి, తుదివరకు వినవలెను.

రెండవది, బెదిరింపులున్న యెడల ఆ సందేశములను చెరిపివేయక భద్రపరచి పోలీసులకు చూపవలెను. పిల్లల సహాయమునకు 1098కిని, మనస్సు కృంగినవారు టెలి మానస్ 14416కిని ఫోను చేయవచ్చును. పిల్లల అశ్లీల చిత్రములను ఇతరులకు పంపుట 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము ప్రకారము నేరము. తీసినవాడే కాదు, పంపినవాడును దోషియే. పౌలు ఒప్పుకోలును అదియే గదా!

మూడవది, ఎగతాళి చేసినవాడును మన బిడ్డయే. మత్తయి 18వ అధ్యాయములో ప్రభువు నేర్పిన క్రమము చొప్పున మొదట ఒంటరిగా వానితో మాటలాడవలెను. వానిని పదిమందిలో సిగ్గుపరచిన యెడల, వాడు చేసినదే మనమును చేసినవారమగుదుము. ఆ వీడియోను వానిచేతనే తీసివేయించి, ఏ గ్రూపులో నవ్వించెనో ఆ గ్రూపులోనే తప్పు ఒప్పుకొనునట్లు నడిపింపవలెను.

యౌవనులారా, అందరు నవ్వుచుండగా “ఇది తప్పు, తీసివేయుడి” అని వ్రాయుటకు ఒక్కరు చాలును. ఆ ఒక్కరు మీరే కండి. ఇదివరకే నవ్వియుంటిరా? నిరాశపడవద్దు. వస్త్రములకు కావలియున్న ఆ యౌవనునే ప్రభువు పిలిచి అపొస్తలునిగా చేసెను. ఈ వారమే ఆ పిల్ల ఇంటికి వెళ్లుడి.

ఒకరి కన్నీటిని చూచి నవ్వని హృదయమును ప్రభువు మనకందరికి దయచేయును గాక. ఆమేన్.