విశ్రాంతి ఎవరిది?

మా ఊరు అంగళ్లు. మదనపల్లె పక్కన, పేరులోనే దుకాణాలున్న ఊరు. టమోటా కాపు ముమ్మరంగా ఉన్న రోజుల్లో ఇక్కడ ఆదివారమని ఏ పనీ ఆగదు. పండిన కాయ సెలవు ఎరగదు. దాన్ని కోసే చెయ్యీ ఎరగదు.

అటువంటి ఒక ఆదివారం, మా పెరటిగోడ కూలితే ఇద్దరు కూలీలను పిలిచాను. బడికి సెలవు గనుక నేను నీడలో కూర్చుని చదువుకుంటున్నాను. మట్టి మోస్తున్నామె మంచినీళ్లకు వచ్చి, "ఏం చదవతా ఉండారు సార్?" అని అడిగింది. యూదులు వారంలో ఒకనాడు పని ముట్టరనీ, ఆనాడు పొయ్యి కూడా వెలిగించరనీ చెప్పాను. ఆమె నవ్వింది. "పని మానుకుంటే మా పొయ్యీ వెలగదు సార్. దానికి దేవుడు చెప్పాల్నా?" అన్నది.

ఆ పూట నా చదువు ముందుకు సాగలేదు.

శుక్రవారం పొద్దుగుంకేముందు ఇల్లాలు దీపాలు వెలిగించటంతో సబ్బాతు మొదలవుతుంది. శనివారం రాత్రి చుక్కలు పొడిచేవరకూ సాగుతుంది. విత్తటం, కోయటం, రుబ్బటం, రాయటం, నిప్పు రాజేయటం – ఇట్లా 39 రకాల పనులను ధర్మవేత్తలు నిషేధించారు. ప్రాణాపాయం వస్తే మాత్రం ఏ నిషేధమూ నిలవదు. ఆ ఉదయం సినగాగులో తోరా చదువుతారు. గ్రంథాన్ని 54 భాగాలుగా విభజించి, ఏడాదిలో ముగించి, ముగించిననాడే మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంటారు.

ఇది ఎక్కడో పరాయిదేశపు ముచ్చట కాదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదులున్నారు. తాము ఇశ్రాయేలు గోత్రాలలో ఒకటైన ఎఫ్రాయీము సంతతి అని చెప్పుకొని 'బెనె ఎఫ్రాయీం' అని పేరు పెట్టుకున్నారు. పుట్టుకకు మాదిగలు, బాప్తిస్టు క్రైస్తవంలో ఉండి, 1980ల చివర యాకోబి సోదరుల నాయకత్వాన ఈ మార్గం పట్టినవారు. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే పరిశోధకులు వీరిపై 2013లో ఒక గ్రంథమే వెలువరించారు. వీరి వంశకథ చరిత్రకు నిలుస్తుందా అన్నది నా ప్రశ్న కాదు. ఊరు తమకు ఇచ్చిన పేరును కాదని తమ చరిత్రను తామే చెప్పుకోవాలనే పట్టుదల అందులో ఉన్నది. దానికి వెల కూడా ఉన్నది: 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, దాని సవరణల ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాలు దాటి వెళ్లినవారికి షెడ్యూల్డు కులాల హోదా లేదు. రెండో వెల శనివారంనాటి కూలి. రెక్కాడితే గాని డొక్కాడని కుటుంబానికి సబ్బాతు పాటించటమంటే ఒకరోజు తిండిని పందెం ఒడ్డటమే.

హేతువాద మిత్రులు, ఇదంతా మూఢాచారం, దీనితో మనకేం పని అంటారు. ఈ మాటలో నిజం లేకపోలేదు. పుణ్యదినం యజమాని చేతిలో పడితే ఏమవుతుందో మార్క్స్ 'పెట్టుబడి'లో చూపించాడు: ఇంగ్లండు పల్లెల్లో ఆదివారం తన పెరట్లో తాను పని చేసుకున్న కూలీని మతద్రోహమని జైలుకు పంపారు, అదే కూలీ ఆదివారం కార్ఖానాకు రాకపోతే ఒప్పందం తప్పాడని శిక్షించారు. దేవుడు ఒక్కడే, న్యాయాలు రెండు!

అయితే ఆ ప్రాచీన శాసనాన్ని మరొకసారి పరికిద్దాం. విశ్రాంతి కొడుకుకూ కూతురుకూ మాత్రమే కాదు. దాసుడికి, దాసికి, ఎద్దుకు, గాడిదకు, వాకిట్లో ఉన్న పరదేశికి కూడా. ద్వితీయోపదేశకాండం చెప్పే కారణం, మీరూ ఒకప్పుడు ఐగుప్తులో బానిసలే గదా అన్నది. భార్య పేరు మాత్రం ఆ జాబితాలో లేదు. శనివారానికి సరిపడా శుక్రవారమే వండి పెట్టే చేతులు ఎవరివో తెలిసినప్పుడు ఈ లోటు చిన్నది కాదు.

ఇంతకన్నా నన్ను నిలవేసినది ఎడారిలో మన్నా కథ. ఏడవనాడు ఆహారం ఏరుకోవద్దని ఆజ్ఞ. కాని ఆరవనాడే రెండు రోజుల ఆహారం దొరుకుతుంది. అద్భుతాన్ని పక్కన పెడితే మిగిలే నీతి ఏమిటి? ముందు రెండు రోజుల తిండి, ఆ తరువాతనే విశ్రాంతి. తిండి చూపకుండా విశ్రాంతి తీసుకోమనటం ఆజ్ఞ కాదు, పరిహాసం. మట్టి మోస్తున్నామె నవ్వులో ఉన్న వాదం కూడా సరిగ్గా ఇదే. 1890లో బొంబాయి మిల్లు కార్మికులు లోఖండే నాయకత్వాన ఆదివారపు సెలవు సాధించారు. 1948 ఫ్యాక్టరీల చట్టం వారానికొక సెలవు రాసింది. అయితే ఆ చట్టం పరిధి ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగింది. టమోటా తోటదాకా రాలేదు.

విశ్రాంతితోపాటు చదువును ముడివేయటం సబ్బాతులోని మరో విశేషం. ఆ చదువు వల్లెవేత కాదు. ప్రతి వాక్యం మీదా ప్రశ్న, ప్రశ్న మీద వాదం. భిన్నాభిప్రాయాలను చెరపకుండా తరతరాలుగా పక్కపక్కనే నిలుపుకున్నారు. చదువుకు తీరిక కావాలి. తీరికకు తిండి కావాలి. కూలిజనానికి తరతరాలుగా అక్షరం అందకపోవటానికి శాస్త్రాల నిషేధం ఒక కారణమైతే, తీరిక లేకపోవటం మరో కారణం. రాత్రిబడిలో పలక పట్టుకునే కునుకు తీసే కూలీని చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు.

తూర్పు ఐరోపా ఊళ్లలో సబ్బాతునాడు యూదుల ఇళ్లలో నిప్పు వెయ్యటానికి ఇరుగుపొరుగు పేద అన్యమతస్థుణ్ణి పిలిచే అలవాటు ఉండేది. ఆ సంగతి చదివి, పరదేశికీ విశ్రాంతి ఉండాలన్న శాసనం ఎక్కడికి పోయిందని నేను వెక్కిరించుకున్న రోజు ఒకటున్నది. గోడ కట్టించిన ఆదివారం తరువాత ఆ వెక్కిరింత నా మీదికే తిరిగింది. నా సెలవును నేను మరొకరి చెమట మీద కూర్చుని అనుభవించాను. పైగా శ్రమజీవుల విశ్రాంతిని గురించి చదువుతూ అనుభవించాను.

ఆమెను పిలవకుండా ఉంటే సరిపోయేదా? అదీ జవాబు కాదు. పిలవకపోతే ఆనాటి కూలి పోతుంది. నా ఒక్కడి మంచితనంతో తెగే చిక్కు కాదిది. ఆరు రోజుల కూలి ఏడు రోజుల తిండికి చాలినప్పుడే ఏడవరోజు నిజమైన సెలవవుతుంది. మన ఉపాధ్యాయ సంఘాలు సెలవుల కోసం తీర్మానాలు చేయటంలో వెనకబడినవేమీ కావు. మన గోడ కట్టే మనిషి సెలవు కోసం ఒక్క తీర్మానమైనా చేశామా?