నలుగురితో నారాయణ



"నలుగురితో నారాయణ" అను సామెతను మన యిండ్లలో పెద్దలు తరచుగా పలుకుచుందురు. నలుగురు నడచు త్రోవలో నడచువానికి ఒంటరితనము లేదు, నింద లేదు. మన పూర్వికులు సముద్రములు దాటి పరాయి తోటలలో బ్రతుకగలిగినది నలుగురును కూడి భజన చేసికొని, ఉన్న గంజిని పంచుకొనుటచేతనే. కాని ఆ నలుగురే త్రోవ తప్పినపుడు నారాయణుడు ఎవరి పక్షమున నుండును? నేడు మనము విచారింపవలసిన ప్రశ్న యిది.

మహాభారతమున సభాపర్వమును స్మరింపుడు. ద్రౌపదీదేవిని సభకు ఈడ్చి తెచ్చిరి. తన్ను గెలుచుట ధర్మమేనా యని ఆమె సభవారిని అడిగెను. భీష్ముడు ధర్మము సూక్ష్మమనెను. ద్రోణుడును కృపుడును మిన్నకుండిరి. విదురుని మాటను ఎవరును లెక్కచేయలేదు. ఆ పెద్దలు దుర్మార్గులు కారు. రాజు పెట్టిన అన్నము, కులగౌరవము, ప్రక్కవాని మౌనము వారి నోళ్లను కట్టివేసెను. అపుడు దుర్యోధనుని తమ్ములలో నొకడగు వికర్ణుడు లేచి, ఇది అధర్మమని పలికెను. సభలో పలువురు అతనిని మెచ్చిరి. కర్ణుడు గద్దించెను. మెచ్చినవారిలో ఒక్కడైనను లేచి వికర్ణుని ప్రక్కన నిలువలేదు. తుదకు అతడును అన్నల పక్షముననే పోరి, భీముని చేతిలో మరణించెను.

నేనిపుడు ఉపాధ్యాయవృత్తిలోనున్న బర్కా పట్టణము ఒమాను దేశమున, మస్కట్టునకు పడమరగా సముద్రతీరమున నున్నది. ఖర్జూరపు తోటలును పాత కోటయును గల ఊరు. ఈ దేశమునకు కట్టడపు పనులకును, తోట పనులకును వచ్చు మనవారిలో కొందరు "ఆజాదు వీసా" మీద వత్తురు. పేరునకొక యజమాని, పని మరియొక చోట. చట్టము దానిని అంగీకరింపదు. "అందరును అట్లే పోవుచున్నారు" అని ఏజెంటు చెప్పును. వచ్చినవాడు వడ్డీకి తెచ్చిన అప్పును, చెల్లెలి పెండ్లిని తలచుకొని ఊరకుండును. ఇంతవరకు వానిని తప్పుపట్టుటకు నాకు మనసొప్పదు.

కాని కొందరి కథ అక్కడితో ముగియదు. "మీ ఊరి నుండి ఇద్దరిని తెమ్ము, నీకును కొంత ముట్టును" అని ఏజెంటు ఆశ చూపును. ఇచ్చటి ఎండయు, గదియు, చేతికందు జీతమును ఎట్టివో తెలిసియు, అతడు బావమరదికి ఫోను చేసి "బాగున్నది, రమ్ము" అనును. ధనాశకంటె అతనిని ఎక్కువగా నెట్టునది భయము. నిజము చెప్పినచో తాను ఓడిపోయితినని ఊరు నవ్వునని భయము.

ఇది మనకు క్రొత్త కాదు. మలయా రబ్బరు తోటలకు కంగాణీ తన గ్రామమునుండి తన బంధువులనే తోడ్కొని వచ్చి, తలకింతయని పుచ్చుకొనెడివాడు. 1938లో భారత ప్రభుత్వము అట్టి కూలి వలసను నిలిపివేసెను. కంగాణీలందరును చెడ్డవారు కారు. దొరకును ఊరికిని నడుమ చిక్కి, నిజమును మ్రింగినవారు వారిలో ఎందరో కలరు.

నటాలులో మరియొకటి జరిగెను. ఒప్పందము ముగిసిన పిమ్మట అక్కడే స్వేచ్ఛగా నిలువగోరిన వారిపై, 1895 నాటి చట్టము ఏటికి 3 పౌనుల పన్ను విధించెను. ఒప్పందకూలికి మొదటి ఏట నెలకు 10 షిల్లింగులు. అనగా ఆ పన్ను ఆరు నెలల కూలి. కట్టలేక అనేకులు మరల ఒప్పందమునకు వ్రేలిముద్ర వేసిరి. కాని 1913లో బొగ్గుగనులలోను చెరకుతోటలలోను వేలమంది ఒక్కమాటగా పని నిలిపిరి. చెరసాలకును కొరడాకును వెరవలేదు. 1914లో ఆ పన్ను రద్దయ్యెను. ఒకని మెడ వంచునదియు నలుగురే, ఒకని వెన్ను నిలుపునదియు నలుగురే.

ధృతరాష్ట్రుని మరియొక కుమారుడు యుయుత్సుడు. యుద్ధారంభమున ధర్మరాజు తమ వైపునకు రాగోరువారిని పిలువగా, అతడొక్కడు సేనను దాటి ఆ పక్షమునకు వెళ్లెను. పిలుచువాడొకడుండుట ఎంత బలమో చూడుడు. నిండుసభలో వికర్ణునికి అట్టి తోడు దొరకలేదు.

కనుక సోదరులారా, లోకులను నిందించుటకు ముందు, ఆ లోకులెవరో విచారింతము. పొరుగువారి పెండ్లిలో బంగారము తక్కువయని గుసగుసలాడునపుడు మనమే ఆ నలుగురము. సంఘపు లెక్కలలో తేడా కనబడియు, చదువువాడు మన బంధువని చేయెత్తునపుడు మనమే ఆ సభవారము. పరదేశమునుండి తిరిగివచ్చిన వానిని "ఏమి తెచ్చితివి?" అని అడుగకుడు, "కుశలమా?" అని అడుగుడు. ఆ ఒక్క ప్రశ్న ఒక అబద్ధమును ఆపగలదు. ఎవడైనను ఒంటరిగా లేచి "ఇది తగదు" అన్నచో, మనసులో మెచ్చి కూర్చుండకుడు. లేచి వాని ప్రక్కన నిలువుడు. అప్పుడు వానితో మీరిరువురు, మూడవవాడు నారాయణుడే.

స్వస్తి.

ఒక ఉపాధ్యాయుడు
బర్కా, ఒమాను