మ్రానును వంచు విద్య

మొక్కయై వంగనిది మ్రానై వంగునా యను సామెతను మనవారు తరచుగా వాడుదురు. పిల్లలను చిన్ననాటనే తీర్చిదిద్దుకొనవలయునని చెప్పుటకు ఇది మంచి మాటయే. కాని నలువదేండ్లు నిండిన యిల్లాలు పలక పట్టినప్పుడును, వృద్ధుడొకడు పాత దురాచారమును విడువదలచినప్పుడును ఆ సామెతయే తలుపునకు గడియ యగుచున్నది. కావున దాని సత్యమును విచారింపవలసియున్నది.

గోదావరికి ఒక యొడ్డున భద్రాచలము, వేరొక యొడ్డున బూర్గంపాడు. ఆ ప్రాంతపు అడవులు వెదురునకు పుట్టినిల్లు. లేత వెదురు సులభముగా వంగును. కాని యెండినకొలది ముడుతలు పడి చితికిపోవును. అందుచేత పనివాడు ముదిరినదానినే యేరుకొని, నిప్పుసెగపై కాచి, మెల్లగా వంచి, చల్లారువరకు బిగించి పట్టును. ఆ వంపే నిలుచును. బూర్గంపాడు చెంతనే సారపాకలో 1979లో వెలసిన కాగితపు కర్మాగారమున కర్ర నలిగి గుజ్జగును. గుజ్జు ఏ రూపమునకైన లొంగును. కాని అందు కర్ర మిగులదు. లొంగదీయుట వేరు, వంచుట వేరు.

వెదురు విమానమునకును అక్కరకు వచ్చినది. బ్రెజిలు దేశీయుడగు శాంటోస్ డ్యూమాంట్ 1907లో వెదురుబొంగునే వెన్నెముకగా జేసి చిన్న విమానమును కట్టెను. దాని నమూనాపై హక్కు కోరక యెల్లరకు విడిచెను. నేడు ఇంటివద్దనే విమానము కట్టుకొను అభిలాషులు ఉక్కు, అల్యూమినియము గొట్టములను వాడుదురు. వారు మొదట నేర్వవలసిన విద్యలలో గొట్టమును వంచుట యొకటి. వంచునప్పుడు వెలుపలి గోడ సాగి పలుచబడును. లోపలి గోడ నొక్కుకొని ముడుతపడును. బోలుగానున్నచో నడుమ అణగిపోవును. అందువలన బాగుగా ఎండిన సన్నని యిసుకను లోపల కూరి, రెండు కొనలు మూసి, గాడిగల చక్రము చుట్టును నెమ్మదిగా త్రిప్పుదురు. చేయి విడిచినంతనే గొట్టము కొంత వెనుకకు మరలును. అది లోహస్వభావము; నేర్పరి దానిని ముందే లెక్కించి ఒకింత అధికముగా వంచును. వంచినదానిని చక్కజేసి మరల వంచినచో లోహము బిరుసెక్కి పగులును.

మనుష్యుని విషయమునను ఇట్లే యని మా యభిప్రాయము. ఆత్మగౌరవము లోపల నిండియున్నవాడు ఎంత వంగినను అణగిపోడు; దానిని ముందుగా హరించి సంస్కరింపబూనుట బోలుగొట్టమును వంచుటయే. క్రొత్త నడవడి యవలంబించినవాడు ఒకనాడు పాతదారి తొక్కినంత మాత్రమున వానిని విడనాడరాదు. నేడొక నియమము, రేపొక నియమము విధించుటయు తగదు.

ఇంకొకటి కలదు. విమానము కట్టువాడు పాడైన ముక్కలను మూలకు విసరి, సరియైనదానినే బిగించును. ఏలయన రేపు దానిపై కూర్చుండి యెగురువాడు తానే. కోడలికి నియమములు వ్రాయు అత్తమామలును, గూడెమునకు నీతులు బోధించు నాగరికులును, సభలలో సంస్కారమును ఉపన్యసించువారును తాము వంచినదానిపై తమ బరువు మోపుచున్నారా? అట్లు మోపువాని చేతిలో మ్రానును వంగును. మ్రాను వంగదని నిందించుటకు ముందు, వంచు చేయి యెట్టిదో చూచుకొనుట న్యాయము.