ఉప్పెనయు ఆప్తవాక్యమును

జ్ఞానము మనకు ఎచ్చటినుండి వచ్చుచున్నది, వచ్చినదానిని నమ్ముటకు ఆధారమేమి అను ప్రశ్న తర్కశాస్త్రమున ఎంత పాతదో, దివిసీమ కరకట్టకు ఎంత ఎత్తుండవలెనో నిర్ణయించు కచేరీలో అంత క్రొత్తది. ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని నైయాయికులు ప్రమాణములు నాలుగనిరి. చార్వాకుడు మొదటిదానితో తృప్తిపడినాడు. మనకు పొరుగుననే, వేంగీ ప్రాంతమున, వసించినాడని హ్యూయన్‌త్సాంగ్ చెప్పిన దిఙ్నాగాచార్యుడు రెండింటినే అంగీకరించి, పరుల మాటను అనుమానములోనే కలిపివేసినాడు. ఆయన మన సీమకు దగ్గరివాడన్న అభిమానము నాకు లేకపోలేదు గాని, ఈ విషయమున నేను వాత్స్యాయనుని పక్షము. ఉన్నదానిని ఉన్నట్లు తానెరిగి, ఎరిగినట్లే ఇతరులకు తెలుపగోరువాడు ఆప్తుడనియు, ఆ లక్షణము ఋషికిని, ఆర్యునికిని, మ్లేచ్ఛునికిని ఒక్కటియే అనియు న్యాయభాష్యమున ఆయన తేల్చిచెప్పినాడు. అనగా, బందరు దగ్గర గిలకలదిండిలో వల బాగుచేసికొను జాలరి కూడ, తాను చూచినదానిని గూర్చి పలుకునపుడు, ఆప్తుడే.

ఈ మాట సభామర్యాదకై చెప్పుచున్నది కాదు. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమపై పడిన ఉప్పెన సుమారు అయిదు మీటర్ల ఎత్తున వచ్చినదని నేడు గ్రంథములందు చదువుచున్నాము. పోయినవారు పదివేలమంది వరకని ప్రభుత్వపు లెక్క, ఆ లెక్కను నమ్మనివారు దివిలో నేటికిని కలరు. సొర్లగొందిలో, పాలకాయతిప్పలో సముద్రమట్టమును కొలుచు యంత్రమును ఎవరు నెలకొల్పినారు గనుక? ఉప్పెన తీసిన తరువాత సర్వేకు వచ్చువారు నిలిచిన గోడలను వెదకుదురు. గోడకు వెలుపలనున్న బురదచార కంటె గదిలోపలి చారకే విలువ యెక్కువ, ఏలయన వెలుపలి చారలో అలలు ఎగసిపడిన ఎత్తు కూడ కలిసియుండును, లోపలిది నిలిచిన నీటి మట్టమును తెలుపును. గోడ లేనిచోట మనిషిని అడుగుదురు. నీరు ఎంతవరకు వచ్చినదనగా అతడు తాను పట్టుకొని బ్రదికిన తాటిచెట్టును చూపును. ఆ రాత్రి చీకటిలో, ఆ భయములో, చెట్టుమీద రెండడుగులు ఎక్కువగానో తక్కువగానో అతనికి తోచియుండవచ్చును. కావున ప్రక్క చెట్టువానిని, ఎదుటి మిట్టమీదివానిని అడిగి, చారతో సరిచూచి, అంకె వ్రాసికొందురు. శబ్దము ముందు, అనుమానము వెనుక. దిఙ్నాగుడు ఇచ్చట తన వాదమును నెగ్గించుకొనజూచును గాని, సరిచూచుటకైనను ముందు ఒకడు చెప్పవలెను గదా!

ఇట్టి ఉప్పెనను సమీకరణములతో తిరిగి నిర్మింప బూనినవారు కలరు. బ్రయాన్ జాన్స్, ఎస్.కె. దూబే, యు.సి. మొహంతి, పి.సి. సిన్హా అనువారు 1981లో ఈ 1977 ఉప్పెనమీదనే ఒక పరిశోధనపత్రము ప్రకటించినారు. గణితము ఎంత సూక్ష్మమైనను, అది చెప్పిన ఎత్తు నిజమా కాదా అని తేల్చుటకు చివరకు తీరమందలి చారయు, తీరవాసుల మాటయునే శరణ్యము. అటు తరువాత తుపాను రక్షణ భవనములు లేచినవి, మచిలీపట్నమున రాడారు వెలసినది. 1990 మే నెలలో కృష్ణ ముఖద్వారము దాపున మరియొక ఘోరమైన తుపాను తీరము దాటినపుడు లక్షలకొలది జనులను ముందుగనే తరలింపగలిగినారు, ప్రాణనష్టము వేయికి లోపున ఆగినది. 1864 నవంబరు 1వ తేదీ నాటి ఉప్పెనలో బందరు ప్రాంతమున ముప్పదివేలమంది పోయిరని తెలిసినవారికి ఈ భేదము ఎంతటిదో వేరుగ చెప్పనక్కరలేదు.

విజ్ఞానమునకు సంబంధించిన రాజనీతి, ఈ దృష్టితో చూచిన, సాక్ష్యమును కూర్చి కాపాడు సమాజముల చేతిలో సగము నడచుచున్నది. హైదరాబాదునందలి ఇన్‌కాయిస్ సంస్థ ఉపగ్రహములను బట్టి చేపలుండు తావులను జాలరులకు తెలుపును. ఆ తావున వల వేసినవాడు తిరిగివచ్చి ఏమి పడినదో చెప్పిననే ఆ సూచన మెరుగుపడును. అనంతపురము మొదలు ప్రకాశము వరకు ఏడు మెట్ట జిల్లాలలో రైతులే తమ బోరుబావుల నీటిమట్టములను కొలిచి, ఊరి నీటిపద్దు తామే వ్రాసి, దానిని బట్టి ఏ పైరు వేయవలెనో యోచించినారు. 2019లో కేంద్రము ప్రారంభించిన అటల్ భూజల్ యోజనలో పంచాయతీలు నీటిపద్దు వేయవలెనన్న నియమము చూచినపుడు ఆ రైతులు తలపునకు రాక మానరు. దేశదేశములందు దత్తాంశములను పంచుకొనుటకు మార్గము వేయు రీసెర్చ్ డేటా అలయన్స్ అను కూటమి 2013లో ఏర్పడినది. దత్తాంశము దొరకవలెను, అందవలెను, ఇతర దత్తాంశములతో పొసగవలెను, మరల వాడుకకు రావలెను అను ఫెయిర్ సూత్రములు 2016లో వెలువడినవి. అందు దత్తాంశపు యోగక్షేమములే కలవు. ఇచ్చినవాని మాట లేదు. ఆదివాసుల పక్షమున నిలిచినవారు 2019లో కేర్ అను సూత్రములు ప్రకటించి, ఉమ్మడి హితమును, దత్తాంశముపై ఇచ్చినవారి అధికారమును, బాధ్యతను, నీతిని గుర్తుచేసిరి.

నాకు పూర్వుల ఋణభావన ఇచ్చట మెరుగుగ తోచును. అధ్యయనముచేత తీరునది ఋషిఋణమన్నారు. తాటిచెట్టుపై రాత్రి గడపినవాని మాటచేత నేర్చినవాడు ఏ అధ్యయనముచేత ఆ ఋణము తీర్చును? అతని మాటను దాచి ఉంచుట చాలదు. కరకట్ట తూము ఎచ్చట పెట్టవలెను, ఉప్పునీరు ఏ మురుగుకాలువ వెంట పొలములోనికి ఎక్కును అను చర్చలో అతనికి ఆసనముండవలెను, అతని అభిప్రాయము తప్పైన తప్పని అతని ముఖముననే చెప్పవలెను. సాక్షి న్యాయమూర్తి కాడు, నిజమే. కాని సాక్షిని పంపివేసి సాక్ష్యమును మాత్రము ఉంచుకొను న్యాయస్థానము ఏ తర్కములోను లేదు.

అట్టిది పరిపాలనలో కలదు. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ననుసరించి ఊరూర జీవవైవిధ్య రిజిస్టరు ప్రజలను అడిగి వ్రాయవలెను: మడఅడవిలోని చెట్టు మొదలు ఏటి మొగలోని చేప వరకు, వాడుక పేరుతో, వాడుకతో సహా. ఏండ్లు గడచినను పని కాకపోగా, జాతీయ హరిత న్యాయస్థానము 2020 జనవరి 31వ తేదీని గడువుగ విధించి, దాటిన జరిమానా అన్నది. అంతట దేశమంతట రిజిస్టర్లు వేలకొలది, బహుశీఘ్రముగ, పుట్టినవి. పెక్కింటిలో ఊరివానిని అడిగిన జాడ లేదని పరిశోధకులే వాపోయినారు.