పలుపు చేతులు మారేటప్పుడు

ఎడ్ల మీద మోజున్న మనిషి అదే మోజున్న ఇంకొకరికి తన ఎద్దును అమ్ముతాడు. ఆ బేరంలో అన్న మాటలు సరే, అనకుండా మింగేసిన మాట ఎవరి ఖాతాలో పడుతుంది? చీకటి విడుతున్న వేళ కొట్టంలో మువ్వలు కదిలినప్పుడల్లా ఈ సందేహం కదులుతుంది.

కనిగిరిలో పొగాకు వేలం కేంద్రం ఉంది. బేళ్లు వరసగా పెడతారు, ఆకు చూస్తారు, గ్రేడును బట్టి ధర పలుకుతుంది. అమ్మేవాడి గుణం ఎవరూ అడగరు, అడగాల్సిన పనీ లేదు. ఎద్దుకు ఆ సౌకర్యం లేదు. నోరు తెరిపిస్తే పాలపళ్లో, రెండు పళ్లో, ఆరు పళ్లో తెలుస్తుంది. బండలాగుడు పోటీల్లో విభాగాలు కట్టేదీ ఆ లెక్కనే. సుళ్లు వెతకవచ్చు, మూపురం తడిమి చూడవచ్చు, నడిపించి గిట్టలు చూడవచ్చు. జనం ఈలలకు బెదురుతుందా, దాపట కడితే మొరాయిస్తుందా, ఎండ ముదిరితే కాడి కింద కూలబడుతుందా అన్నది మాత్రం పెంచినవాడి కడుపులోనే ఉంటుంది. దానికి నోరుంది గానీ మాట లేదు. దాని తరఫున మాట్లాడాల్సింది దాన్ని వదిలించుకుంటున్నవాడే కావడం విచిత్రం.

1872 నాటి కాంట్రాక్టు చట్టం కూడా ఈ చిక్కు దగ్గర కాసేపు ఆగింది. పదిహేడో సెక్షన్ కింద ఒక గుర్రం కథ ఉంటుంది. లోపం ఉందని తెలిసీ గుర్రాన్ని వేలంలో అమ్మినవాడు ఏమీ చెప్పకపోతే అది మోసం కాదు. కొనేది అప్పుడే మైనారిటీ తీరిన సొంత కూతురైతే చెప్పడం అతని బాధ్యత. ఇక కొనేవాడు, ‘నువ్వు కాదనకపోతే గుర్రం బాగున్నట్టే అనుకుంటాను’ అంటే, అప్పుడు ఊరుకోవడం నోటితో చెప్పినట్టే. ఇంత పొడి చట్టంలో ఇంత తడి ఎలా చేరిందో!

మరి తోటి ఎడ్లమోజుగాడు వేలంపాటలో ఎదురైన ఎవరో మనిషా, కూతురి లెక్కా? చుట్టరికం లేదు. ఊరు కూడా వేరు. అయినా తిరునాళ్లలో ఒకే చింతచెట్టు కింద పడుకుని, ఎవరి గిత్త ఎట్లా లాగిందో అర్ధరాత్రి దాకా చెప్పుకున్నవాళ్లు. ‘అన్నా, దీనికేమన్నా వంకుందా?’ అని అతను అడిగే తీరులోనే, చెబుతాడన్న ధీమా ఉంటుంది. ఆ ధీమా ఉండబట్టే మోసమూ సులువవుతుందేమో. సంతలో దళారి ముందు ఒళ్లంతా కళ్లు చేసుకునేవాడు ఇక్కడ పళ్లు కూడా సరిగా చూడడు.

అబద్ధం ఆడాలని బయలుదేరేవాళ్లు తక్కువే అనిపిస్తుంది. మోజు ముందు సొంతవాడి కళ్లే కప్పుతుంది. ఉలవలు ఉడకబెట్టి పెట్టిన చేతికి, ఆ గిత్త మొరాయించిన రోజు ‘ఎండ ఎక్కువైంది’ అనే కనిపిస్తుంది. రెండోసారి మొరాయిస్తే జతగాడి తప్పు. అలా నమ్మినవాడు అమ్మేటప్పుడు దాచాడా, దాచలేదా? ఉన్నదాన్ని ఉన్నట్టు చూడడానికి ప్రేమ చాలదనుకుంటా. కొంచెం దూరం కూడా కావాలి. ఆ దూరం రావడానికే అమ్మాలేమో!

అమ్మిన ఎద్దు మళ్లీ పోటీలో కనబడుతుంది కాబట్టి ఈ బేరాల్లో నిజాయితీ తప్పదని అనేవాళ్లున్నారు. ఉండొచ్చు. అదొక్కటే కారణమైతే, మళ్లీ కంటబడని దూరానికి పోయే పశువు విషయంలో ఏమవుతుందో.

కొనేవాడి మౌనం గురించి ఎందుకో ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఇంటి పెద్ద పోయాక, మేత దొరక్క దూడను అమ్ముకునే ఇంట్లో దాని జాతి విలువ తెలిసినవాళ్లు మిగలరు. కొనవచ్చినవాడికి ఆ సంగతి ఒక్క చూపులో తెలుస్తుంది. అతను చెప్పకపోతే లోకం నేర్పరితనం అంటుంది. అమ్మేవాడు చెప్పకపోతే దగా అంటుంది. నాకు ఈ తూకం ఎప్పుడూ సరిగా అనిపించలేదు.

పాత ఒంగోలు, కందుకూరు తాలూకాలు ఒంగోలు జాతి పశువులకు పుట్టిల్లు. ఇక్కడి నుంచి పోయిన పశువుల సంతతిని బ్రెజిల్‌లో మన నెల్లూరు పేరు మీద నెలోర్ అంటారు. 1960లలో ఒంగోలు దగ్గరి కరవది నుంచి వెళ్లిన ఒక ఎద్దు, ఆ ఊరి పేరుతోనే అక్కడ గొప్ప వంశానికి మూలపురుషుడైంది. ఆ బేరంలో ఎవరూ ఏమీ దాచి ఉండకపోవచ్చు. దాని కడుపున ఎన్ని మందలు పుడతాయో ఇద్దరిలో ఎవరు మాత్రం ఊహించగలరు? ఇద్దరికీ తెలియనిదాన్ని పక్కన పెడితే, ఒక్కరికే తెలిసినది ఎంతుంటుందో, అందులో ఎంత బయటపెడితే చాలనిపిస్తుందో, బేరం బేరానికీ మారుతున్నట్టే ఉంది.